గుడ్డు, నిమ్మతొక్క, గుప్పెడు వెంట్రుకలు

నా పెరట్లో సొరపాదు కింద ఏముందో ముందే చెబితే మీరు ఆ కూర ముట్టరు. ఒక కోడిగుడ్డు, నాలుగు ఎండిన నిమ్మతొక్కలు, ఇంత పసుపు, గుప్పెడు మనిషి వెంట్రుకలు. ఇవన్నీ ఒక్కచోట చదవగానే మీ మనసు ఎటు పోయిందో నాకు తెలుసు. అప్పుడు మాత్రం నాకు ఎరువు తప్ప ఇంకేమీ తట్టలేదు. ఈ గడ్డ మీదే పుట్టి, ఈ నీళ్ళే తాగి, అరవై ఏళ్ళు దాటాక కూడా ఆ సంగతి నా బుర్రకు ఎందుకు తట్టలేదో ఇప్పటికీ అర్థం కాదు.

నేను బడిలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. కోరుట్లలో మెట్‌పల్లి రోడ్డు మీద నుంచి లోపలికి తిరిగే ఒక గల్లీలో ఉంటాను. ఆయన పోయాక ఒక్కదాన్నే. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని గల్లీ అంతా అనుకుంటారు, అది అబద్ధం కాదు. చెత్తబండి ఆలస్యమైతే బండివాడితో, నల్లా నీళ్ళు సన్నగా వస్తే మున్సిపాలిటీ మనిషితో, ఎవరూ దొరక్కపోతే నాతో నేనే పోట్లాడతాను. వంటింట్లో నేను గొణుక్కునే మాటలు గోడ దాటి వినిపిస్తాయని పక్కింటి చెల్లె నవ్వుతుండేది.

ఇంటి వెనక కొంచెం జాగా ఉంది. అక్కడ అద్దెకు ఒక గది వేద్దామని ఆయన ఇటుకలు తెప్పించి, అవి అలాగే ఉండగానే వెళ్ళిపోయాడు. ఏళ్ళ తరబడి ఆ ఇటుకల సందుల్లో పిచ్చిమొక్కలు తప్ప ఇంకేమీ మొలవలేదు. రిటైరైన చలికాలంలో ఊరికే కూర్చుని కూర్చుని పిచ్చెక్కింది. ఫోన్‌లో ఇంటి తోటల వీడియోలు చూడటం మొదలుపెట్టాను. చూసేకొద్దీ ఒక్కొక్కరిదీ ఒక్కో శాస్త్రం. పాదుకొక గుడ్డు పెడితే సున్నం అందుతుందని ఒకామె, వెంట్రుకలు మెల్లగా కుళ్ళి ఏడాది పొడుగునా బలమిస్తాయని ఒకాయన, నిమ్మతొక్కలుంటే చీమలు రావని ఇంకొకరు, గుంతలో పసుపు చల్లితే వేరుకుళ్ళు రాదని మరొకరు. మా క్లాసులో ఎవడైనా ఇట్లా నాలుగు పుస్తకాల్లోంచి నాలుగు పద్ధతులు కలిపి లెక్క చేస్తే చెవి మెలేసేదాన్ని. నేను మాత్రం నాలుగూ కలిపేశాను.

శివరాత్రికి ముందే గుంతలు తీసి, ఎరువు వేసి, నేలను కొన్నాళ్ళు అలా వదిలేయాలి. చలి విరగగానే విత్తనం పెడితే ఉగాదికి తీగ పందిరెక్కుతుంది. అదీ నా లెక్క. కానీ మా పెరటి నేల గడ్డపారకు కూడా లొంగే రకం కాదు. ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్ళలు, వాటి మధ్య ఇంత మట్టి. నేను ఒక పూట తవ్వి రెండు పూటలు నడుం పట్టుకుని పడుకున్నాను. అప్పుడు ఆమెను పిలిచాను.

గల్లీ చివర రేకుల గదిలో ఉండేది ఆమె. నాకంటే అయిదారేళ్ళు చిన్న. ఆమెకూ మొగుడు లేడు, ఆమె కూడా ఒక్కతే. పసుపు తవ్వకాలప్పుడు చేలకు కూలికి పోతుంది, మిగతా రోజుల్లో పొద్దున మా గల్లీలో ఇళ్ళల్లో బోళ్ళు తోముతుంది. మా ఇంట్లోనూ, పక్కింట్లోనూ ఆమే. ఒక్కగానొక్క బిడ్డను సిరిసిల్లలో ఇచ్చింది. అల్లుడు మరమగ్గాల మీద పనిచేస్తాడు, బిడ్డ బీడీలు చుడుతుంది. బిడ్డ దగ్గరికి పోయి ఉండరాదా అని ఎవరైనా అంటే, నా చేతులు ఆడినన్ని రోజులు నా గది నాకు ముద్దు అనేది. ఆ గదికి తాళం వేసి తాళంచెవి బొడ్లో దోపుకునే తీరు చూస్తే అదేదో దొరల గడీ అనుకోవాలి.

గుంతలన్నీ పక్కింటి గోడ వెంబడి తీసింది. అటు ఎండ బాగా పడుతుంది. గుడ్లు చూసి, తినే వస్తువును మన్నుల పెడ్తరా అని కాసేపు నన్ను ఏడిపించింది. వెంట్రుకలు గల్లీ మొదట్లో కటింగ్ షాపు నుంచి నేనే బియ్యం సంచిలో తెచ్చాను. షాపాయన కూడా నవ్వి, ఊడ్చే పని తప్పిందని సంతోషంగా నింపి ఇచ్చాడు. పసుపు కొమ్ముల ముక్కలు ఆమె చేను నుంచి తెస్తే నేను దంచాను. ఇద్దరు ఆడవాళ్ళం పొద్దుటి ఎండలో కూర్చుని, ఒక్కో గుంతలో ఒక్కో గుడ్డు, పైన తొక్కలు, పసుపు, వెంట్రుకలు, ఆపైన మన్ను. ఎవరైనా చూస్తే పంతులమ్మకు పిచ్చి లేచిందంటారని ఆమె నవ్వింది, నేనూ నవ్వాను.

ప్రతి గుంత మీదా మన్ను కప్పేటప్పుడు ఆమె పెదాలు కదిలేవి. ఏమిటా అని చెవి పెట్టి విన్నాను.

“పిట్టకింత, పురుగుకింత, పక్కింటికింత, నాకింత.”

వాళ్ళమ్మ అలా అనేదట, విత్తు పెట్టినా, ఎరువు వేసినా. నాకు భలే నచ్చింది. లెక్కల టీచర్ని కదా, నాలుగు వాటాల్లో చివరి వాటా తనది అనుకోవడం ముచ్చటగా అనిపించింది. ఆ పూట ఆమెతో పాటు నేనూ అన్నాను.

ఇక పక్కింటి సంగతి చెప్పాలి. ఆ చెల్లెకూ నాకూ ఇరవై ఏళ్ళ పొత్తు. గోడ మీది నుంచి కూర గిన్నెలు ఇటూ అటూ నడిచేవి. మా ఆయన పోయినప్పుడు పదకొండు రోజులూ నాకు అన్నం వండిపెట్టింది ఆమే. వాళ్ళాయన దుబాయిలో పనిచేసి ఆ దసరా ముందు తిరిగొచ్చాడు. ఎత్తుగా, దిట్టంగా ఉండే మనిషి, కండ్ల ముందే కరిగిపోసాగాడు. తింటాడు, కానీ ఒంటికి పట్టదు. దాహం, నీరసం, నడుస్తూ నడుస్తూ కూలబడటం. దగ్గరి డాక్టరు బలం మందులిచ్చాడు. వేములవాడ పోయి మొక్కుకుని వచ్చారు. ఎవరో తాయెత్తు కట్టారు. జగిత్యాల పోయి పెద్ద డాక్టరుకు చూపించమని నేను చెబుతూనే ఉన్నాను. ఆమె తలూపేది కానీ, మనసులో ఇంకేదో ఉన్నట్టే ఉండేది.

ఒక పొద్దున, నా పై వరుస కట్టుడు పళ్ళు గ్లాసులోంచి తీసి కడుక్కుంటుండగా పక్కింటి గేటు దగ్గర కేక వినబడింది. మనిషి పోయాడేమోననే అనుకున్నాను. పళ్ళు నోట్లో పెట్టుకుని చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను.

మనిషి బాగానే ఉన్నాడు, అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గేటు ముందు మాత్రం పగిలిన గుడ్డు, పసుపు అంటిన నిమ్మతొక్కలు, మన్నుతో కలిసిన వెంట్రుకల ముద్ద. గల్లీ కుక్క ఒకటి మా వెనక ప్రహరీ సందులోంచి దూరి, గుడ్డు వాసనకు గుంత తవ్వి, ఉన్నదంతా ఈడ్చుకొచ్చి అక్కడ వదిలింది. దాని మూతికి ఇంకా పసుపు ఉంది, అది అక్కడే తోక ఊపుతూ నిలబడి ఉంది. నాకు నవ్వొచ్చింది. నిజంగా నవ్వాను. నవ్వుతూనే, అయ్యో చెల్లే, అది మా తోటది, నేను పెట్టిన ఎరువు, కుక్క తెచ్చి పడేసింది, ఉండు ఊడ్చేస్తానని చీపురు కోసం చూశాను.

ఎవరూ నవ్వలేదు. అప్పటికే పదిమంది పోగయ్యారు. అందరూ నన్ను ఎలా చూశారంటే, చావింట్లో పరాచికాలాడినదాన్ని చూసినట్టు. ఆ చెల్లె నా చెయ్యి పట్టుకుని పక్కకు జరిపింది.

“నీకు తెల్వదక్కా. గిది ఎవలు చేసిన్రో మాకు ఎరుకైంది.”

ఎవలు, అని అడిగాను. గల్లీ చివర రేకుల గది వైపు చూసింది.

మా గోడ దగ్గర ఆమె గొణుగుతుంటే ఈ చెల్లె మేడ మీంచి చూసిందట. మూడు పొద్దులు వరసగా చూసిందట. వాళ్ళింట్లో బోళ్ళు తోముతుంది కాబట్టి ఆయన తాగే గ్లాసు కూడా ఆమె చేతిదే. మొగుడు లేడు, వెనక ఎవరూ లేరు, ఒక్కతే ఉంటుంది, తనలో తానే మాట్లాడుకుంటుంది. ఒక్కొక్కరు ఒక్కొక్క ముక్క తెచ్చి అతికిస్తుంటే నేను నిలబడి విన్నాను. మొగుడు లేనిదాన్ని నేను. ఒక్కదాన్నే ఉండేదాన్ని నేను. నాలో నేను గొణుక్కునేదాన్ని నేను. ఆ గుడ్డు కిరాణంలో కొన్నది నేను. అదే మాట మళ్ళీ చెప్పాను, ఈసారి గట్టిగా, నా క్లాసు గొంతుతో. ఆ గుంపులో సగం మందికి ఎక్కాలు నేర్పింది నేనే, ఆ గొంతుకు వాళ్ళు భయపడాలి. ఒక్కరూ చెవిన పెట్టలేదు.

కటింగ్ షాపాయన అక్కడే ఉన్నాడు. చెప్పవయ్యా, వెంట్రుకలు నాకు ఇచ్చింది నువ్వే కదా అన్నాను. ఆయన మొహం పాలిపోయింది. తన షాపులో వెంట్రుకలు ఎవరికీ ఇవ్వనని, ఎప్పటికప్పుడు కాల్చేస్తానని అందరూ వినేట్టు చెప్పాడు. నాకు కాసేపు కోపం కూడా రాలేదు. అంత కళ్ళెదుట అంత అబద్ధం ఎవరైనా చెబుతారా అన్న ఆశ్చర్యంలోనే ఉండిపోయాను. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది, ఇచ్చానంటే రేపటి నుంచి ఆ షాపు మెట్టు ఎవరూ ఎక్కరు.

అప్పటికి గుంపు కదిలి గల్లీ చివరికి నడిచింది. ఆమె నల్లా దగ్గర నీళ్ళు పట్టుకుంటోంది. ఆమెకు ఏమీ తెలియదు. ఆమె వెనక వరసలో ఉన్న ఆడవాళ్ళు చప్పుడు చేయకుండా తమ బిందెలు పక్కకు జరుపుకోవడం చూశాను. ఆమె అది చూసింది. చూసి, ఏమైందని నా మొహం చూసింది. ఆ చూపు నేను మరచిపోలేను. తర్వాత ఎవరో అరిచారు, ఎవరో అడిగారు, నీ నోట్లో గొణిగేదేందో చెప్పుమని. ఆమెకు నోరు పెగల్లేదు. చెప్పలేకపోవడమే నేరం ఒప్పుకున్నట్టయింది. ఒకడు ఆమె బిందెను తన్నాడు. నీళ్ళు గల్లీ అంతా పారాయి.

మా దిక్కు పల్లెల్లో ఇట్లాంటి మాట పడ్డవాళ్ళు ఏమయ్యారో నేను వినని మనిషిని కాదు. విని, పేపరు మడిచి, పక్కన పెట్టినదాన్ని. అది ఎక్కడో జరిగేది అనుకున్నాను. ఈ గల్లీలో ప్రతి ఇంట్లో ఫ్రిజ్ ఉంది, ప్రతి ఇంట్లో ఇంగ్లీషు మీడియం పిల్లలున్నారు. ఆమెను ఆ పూట చంపేసినా చంపేస్తారని నాకు నమ్మకం కుదరడానికి కాసేపు పట్టింది.

కిరాణం దుకాణం ఆయన ముందుకొచ్చాడు. చీమకు కూడా హాని తలపెట్టని మనిషి. బీపీ మాత్ర వేసుకున్నారా పంతులమ్మా అని రోజూ అడిగే మనిషి. హమ్మయ్య, ఈయన ఆపుతాడు అనుకున్నాను. ఆయన రెండు చేతులూ ఎత్తి, మెల్లగా, పంచాయతీ తీర్చినట్టు అన్నాడు.

“కొట్టుడు, చంపుడు ఎందుకు? ముంగటి పండ్లు ఊడగొడ్తె సాలు. మంత్రం పారది.”

పళ్ళు లేని నోట మంత్రం సరిగా పలకదని ఆయన లెక్క. ఇది ఆయన దయ. ఇది ఆయన మంచితనం. చుట్టూ నలుగురు, అదీ నిజమే అన్నట్టు తలలూపారు.

రండి, అని అరిచాను. అందరూ మా పెరట్లోకి రండి, చూపిస్తాను. నా అరుపులో ఏముందో గానీ వచ్చారు. పార తీసుకుని గుంతలు తవ్వడం మొదలుపెట్టాను. మెల్లగా మన్ను తీసే ఓపిక లేదు. ఒక్కో గుంత బద్దలు కొడుతూ పోయాను. గుడ్డు, తొక్క, పసుపు, వెంట్రుకలు. మళ్ళీ గుడ్డు, తొక్క, పసుపు, వెంట్రుకలు. చూడండి, ఎవరి మీద చేస్తారు ఇన్ని, సొరపాదు మీదా, కాకరపాదు మీదా అన్నాను. అన్ని రోజులు ఇద్దరం సిద్ధం చేసిన నేల నా చేతులతోనే నాశనం చేస్తుంటే ఏడుపొచ్చింది. ఒక్కో గుంత తెరిచేకొద్దీ వాళ్ళు ఒక్కో అడుగు వెనక్కి వేశారు. చివరి గుంత అయ్యేసరికి వాళ్ళందరూ మా వెనక తలుపు దగ్గర ముద్దగా నిలబడ్డారు. పక్కింటి చెల్లె ఏడుస్తోంది. నా కోసం ఏడుస్తోంది.

“అక్కా, నీతోని గూడ పెట్టిచ్చింది. నువ్వు సోయిల లేవు.”

అదీ సంగతి. నేను తెలివిలో లేకుండా ఆమె మంత్రంలో పడ్డానన్నమాట. నేను చెప్పిన నిజం రేకుల గది ఆమె మీద ఇంకో సాక్ష్యమైంది. ఎంత నిజం చెబితే అంత ఆమెకే చేటు. ముప్పై ఏళ్ళు బోర్డు మీద రుజువులు రాసినదాన్ని, నా జీవితంలో అంత దిమ్మెరపోయిన క్షణం లేదు.

అప్పుడు నేను చేసిన పని ఆలోచించి చేసింది కాదు. గుంతలోంచి వెంట్రుకల ముద్ద ఒక చేతిలోకి, గుడ్డు ఇంకో చేతిలోకి తీసుకుని గుంపును తోసుకుంటూ వీధిలోకి నడిచాను. రేకుల గది గడప మీద ఆమె తడి చీరతో కూలబడి ఉంది. ఆమె ముందు నిలబడి, గుడ్డు అక్కడ పెట్టి, నోట్లో వేలు పెట్టి నా పై వరుస పళ్ళు ఊడదీశాను. కిరాణం ఆయన చెయ్యి లాగి ఆ పళ్ళు ఆయన అరచేతిలో పెట్టాను.

ఊడగొట్టే కష్టం ఎందుకు, ఇవిగో తీసుకో అన్నాను. తీసుకో, మంత్రం పారదు అన్నాను. ఆ తర్వాత బోసినోటితో, వెంట్రుకల ముద్ద పైకెత్తి, గల్లీ అంతా వినేట్టు అన్నాను. పిట్టకింత, పురుగుకింత, పక్కింటికింత, నాకింత. ఇదే ఆమె మంత్రం, నేనూ నేర్చుకున్నా, రాండి, ముందు నన్ను కొట్టండి.

పళ్ళు లేక ఆ మాటలు ఎట్లా వచ్చాయో గానీ, ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో నవ్వారు. నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకింది. కిరాణం ఆయన చేతిలో పళ్ళు పట్టుకుని, అవి ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూస్తుంటే ఇంకా నవ్వారు. పంతులమ్మకు కోపమొచ్చింది, పోదాం పా అన్నారు. గుంపు పలచబడింది. నేను అదే గుడ్డు, అదే వెంట్రుకలు పట్టుకుని, అవే మాటలు అంటే అది తమాషా. నా వెనక కూర్చున్న మనిషి నవ్వలేదు. కొంగుతో నోరు మూసుకుని ఉంది, పళ్ళు దాచుకున్నట్టు.

ఆ సాయంత్రం పెద్దమనుషులు వచ్చి, జరిగిందేదో జరిగింది, ఆమెను కొన్నాళ్ళు బిడ్డ దగ్గరికి పంపితే అందరికీ మంచిదని చెప్పారు. పోవాల్సింది ఆమెనా అని నేను అరిచాను. పోలీసుల దగ్గరికి పోదామన్నాను. ఆమె ఒప్పుకోలేదు. నేను అరుస్తుండగానే బట్టలు మూట కట్టుకుంది. పొద్దున్నే ఇద్దరం సిరిసిల్ల బస్సెక్కాం. వేములవాడలో బస్సు నిండా గుండ్లు చేయించుకున్నవాళ్ళు ఎక్కారు, తలల నిండా పసుపు, చంటిపిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా. ఆమె వాళ్ళనే చూస్తూ కూర్చుంది. చాలాసేపటి తర్వాత ఒక్క మాట అంది.

“నేను బోళ్ళు తోమని ఇల్లు ఒక్కటి గూడ లేకుండె పంతులమ్మా, గా మందిల.”

సిరిసిల్లలో ఆమెను చూడగానే బిడ్డ, ఏమైందని అడిగింది. నడుం నొప్పి, కొన్నాళ్ళు ఉంటానంది. నేను నోరు మూసుకున్నాను. తాళంచెవి బొడ్లోంచి తీసి నా చేతిలో పెట్టింది, గది మాత్రం ఎవరికీ ఇవ్వనియ్యకు అంది.

ఇంటికొచ్చాక మర్నాడు గోడ మీద కూర గిన్నె ఉంది. ఎప్పటిలాగే. చిక్కుడుకాయ కూర, మూత పెట్టి, మూత మీద చిన్న రాయి. ఏమీ జరగనట్టే. నేను ముట్టలేదు. రెండు రోజులు అక్కడే ఉంది, చీమలు పట్టాయి, మూడో రోజు ఆ చెల్లే తీసుకుపోయింది. నాకు గల్లీలో ఎవరూ మర్యాద తక్కువ చేయలేదు. పళ్ళు మంచి సంచిలో పెట్టి కిరాణం ఆయన పంపించాడు. మాత్ర వేసుకున్నారా పంతులమ్మా అని అడగడం కూడా మానలేదు. అదే నాకు నిద్ర పట్టనివ్వలేదు.

గుంతలు మళ్ళీ పూడ్చింది నేనే. నడుం విరిగినా నేనే. పగలని గుడ్లు పగలనట్టుగానే, పగిలినవి పగిలినట్టుగానే మట్టిలో కలిపి, శివరాత్రి పోయాక విత్తనాలు పెట్టాను. మన్ను కప్పేటప్పుడు ఆమె మాటలు అనబోయాను. పిట్టకింత, పురుగుకింత దాకా వచ్చాయి. పక్కింటికింత అనడానికి నోరు రాలేదు. ఆ వాటా మింగేసి, నాకింత అనేశాను.

తీగలకు మన పట్టింపులు పట్టవు. ఉగాదికి పందిరెక్కాయి, ఎండలు ముదిరేసరికి గోడెక్కి అటువైపు దిగాయి. ఇటు కాసినవి కొన్నే, అటు కాసినవే ఎక్కువ. ఆలోగా పక్కింటి ఆయనను జగిత్యాల తీసుకుపోయారు. పెద్ద డాక్టరు రక్తం పరీక్ష చేసి షుగరన్నాడట, ఇన్నాళ్ళూ చూడలేదేమని తిట్టాడట. సూదులు మొదలుపెట్టాక మనిషి కోలుకున్నాడు. ఈ మాట ఆ చెల్లె స్వయంగా గోడ మీంచి నాకు చెప్పింది. మొహం వెలిగిపోతోంది. నేను నిజంగానే సంతోషించాను. సంతోషించి, ఆ తర్వాతి మాట కోసం ఎదురు చూశాను. రేకుల గది మాట కోసం. ఆమె బట్టలు ఆరేసుకోవడానికి వెళ్ళిపోయింది.

మండుటెండల్లో ఒక పొద్దున పక్కింటి చెల్లె మా గుమ్మంలోకి వచ్చింది. చంకలో చంటిపిల్లలా ఒక సొరకాయ. అటువైపు కాసినదే. లేతగా, నిగనిగలాడుతూ ఉంది. మీ పాదు మా దిక్కే కాస్తాంది, తీసుకో అక్కా అంది. మీరే వండుకోండి అన్నాను. వండుతున్నాం, వారానికి రెండుసార్లు, ఆయనకు షుగరుకు మంచిదట అంది. తర్వాత ఆ కాయను తడుముతూ అడిగింది, ఇంత బలంగా కాయడానికి గుంతలో ఏమేశావని.

నేను ఆమె మొహంలోకి చూశాను. ఎగతాళి కాదు. నిజంగా అడుగుతోంది. గుడ్డు, నిమ్మతొక్కలు, పసుపు, వెంట్రుకలు అన్నాను, ఒక్కో మాటా విడివిడిగా. మొహం మారుతుందేమోనని చూశాను. ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటోంది.

“వెంట్రుకలు కటింగ్ షాపుల అడిగితె ఇస్తరా అక్కా? గామెను పిలిపియ్యరాదా? మా ఇంటెన్క గూడ తవ్విచ్చుకుంట. గామె చెయ్యి మంచిది.”

నాకు కోపం రావాలి. ఒళ్ళు మండాలి. ఏదీ రాలేదు. సొరకాయ నా చేతుల్లో పెట్టి ఆమె వెళ్ళిపోయిన తర్వాత కూడా నేను గుమ్మంలో అలాగే నిలబడి ఉన్నాను. ఆమె మరచిపోయిందని అనుకోవడానికి కూడా లేదు. మరచిపోవాలంటే ముందు అది తప్పని అనిపించాలి కదా.

సాయంత్రం సిరిసిల్లకు ఫోన్ చేశాను. చెప్పకూడదనుకున్నాను, కానీ గది తాళంచెవి నా దగ్గర ఉంది, ఆమె తిరిగి రావాలంటే పిలిచిన మనిషి ఎవరో చెప్పాలి. పక్కింటామె పిలుస్తోంది, తోట వేసుకుంటుందట అన్నాను. అటు నుంచి మగ్గాల చప్పుడు వినబడుతోంది.

“గుడ్లు గూడ పెడ్తదటనా?”

పెడుతుందట అన్నాను.

“వెంట్రుకలు?”

అవీ పెడుతుందట అన్నాను. మళ్ళీ మగ్గాల చప్పుడు.

“మరి గామెను ఎవలేమంటలేరా పంతులమ్మా?”

ఎవరూ ఏమనడం లేదన్నాను. సరే అని ఫోన్ పెట్టేసింది.